సొమ్మొకడిది, సోకొకడిదా?

తెనాలి వైపు నుంచి పాసింజరులో బాపట్ల వచ్చేవాళ్లందరికీ అప్పికట్ల స్టేషను తెలిసిందే. ఆ ఊళ్లోనే 1905లో కొసరాజు రాఘవయ్య చౌదరి గారు పుట్టారని ఎంతమందికి తెలుసు? హాస్టల్లో ఓ పదిమందిని అడిగి చూశాను. ఏరువాక పాట అందరికీ వచ్చు. రాసిందెవరో ఇద్దరు చెప్పారు. బాణీ ఎవరిదో ఒక్కరూ చెప్పలేదు. అదీ మన సంగతి!

1939లో ‘రైతుబిడ్డ’కు పాటలు రాసిన కొసరాజు గారు 1955లో ‘రోజులు మారాయి’ చిత్రానికి ఈ ఏరువాక పాట రాశారు. మాస్టర్ వేణు సంగీతం, జిక్కి గాత్రం, వహీదా రెహమాన్ నాట్యం. ఆంధ్రదేశమంతా ఊగిపోయింది. అయిదేళ్ల తరువాత, 1960లో, ‘బొంబయి కా బాబూ’ అనే హిందీ చిత్రంలో అదే బాణీ ఆశా భోస్లే గొంతులో వినిపించింది. సంగీతం ఎస్.డి. బర్మన్. ఉత్తరాదిన ఆ పాట విన్నవారికి అది బర్మన్ పాటే. మాస్టర్ వేణు ఎవరో వాళ్లకేం తెలుసు?

ఇంకొకటి చెబుతాను. మన తెనాలి చక్రపాణి గారు, నాగిరెడ్డి గారు కలిసి తీసిన ‘మిస్సమ్మ’ (1955)లో బృందావనం పాటకు బాణీ కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు. 1957లో ఆ చిత్రమే హిందీలో ‘మిస్ మేరీ’ అయింది. అదే బాణీ వినిపించింది. సంగీత దర్శకుడుగా పేరు మాత్రం హేమంత్ కుమార్‌ది. ‘మిస్సమ్మ’కు మూలం రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ కథే కదా, కథ అక్కడినుంచి వచ్చింది, బాణీ బెంగాలీ ఆయనకు పోయింది, చెల్లుకు చెల్లు అని మా మిత్రుడొకడు చమత్కరించాడు. నవ్వాను గానీ ఒప్పుకోలేకపోయాను. కథ మైత్ర గారిది, బాణీ రాజేశ్వరరావు గారిది. ఒకరి బాకీకి ఇంకొకరి సొమ్ము జమకట్టడం ఏ పద్దులో న్యాయం?

అలాగని ఎరువు తెచ్చుకోవడమే పాపమని నేననను. ముత్తుస్వామి దీక్షితుల వారంతటివారు ఇంగ్లీషువారి జాతీయగీతం బాణీలో సంస్కృత కీర్తన కట్టారు. అటువంటి రచనలకు ‘నోట్టుస్వరాలు’ అని పేరు. ఇంగ్లీషు ‘నోటు’ నుంచి వచ్చాయని ఆ పేరే చెబుతోంది. తెచ్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు.

పాశ్చాత్య రాక్ గాయకుల కథా ఇదే. లెడ్ జెప్పెలిన్ బృందం 1969లో పాడిన ‘హోల్ లాటా లవ్’లో మాటలు తనవేనని నల్లజాతి బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో దావా వేశాడు. 1987లో రాజీ అయింది. పాట మీద ఆయన పేరూ ఎక్కింది. అదే బృందం ‘స్టెయిర్‌వే టు హెవెన్’ మీద వచ్చిన దావాలో మాత్రం 2020లో గెలిచింది. సంగీతంలో అందరూ వాడుకునే సామాన్యమైన మెట్లు కొన్ని ఉంటాయి, అవి ఏ ఒక్కరి సొత్తూ కావు. జార్జి హారిసన్ సంగతి చూడండి. తెలియకుండానే పాత పాటను అనుకరించాడని 1976లో కోర్టు తీర్పు చెప్పింది. మనసులో ఎప్పుడో పడ్డ పాట మన పాటగా బయటికి రావచ్చునన్నమాట! ఆనిమల్స్ బృందం 1964లో ఒక పాత జానపదాన్ని పాడి ప్రపంచమంతా మోగించింది. అయిదుగురి కృషి అది. కాని ‘స్వర కల్పన’ అన్నచోట ఒక్క అలన్ ప్రైస్ పేరే పడింది. ఆ పాటను తరతరాలుగా పాడుకున్న జనం మాటే లేదు.

జానపదం దగ్గరే అసలు చిక్కు. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ మీద రేగిన వివాదం మీకు గుర్తుండే ఉంటుంది. రచన సుద్దాల అశోక్ తేజ గారిది. ఆ పాటను వెలికి తెచ్చి పాడింది తానని జానపద గాయని కోమల గారు అన్నారు. చివరకు ఆమెకు గుర్తింపు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. చట్టం ఏమంటుంది? 1957 నాటి కాపీరైటు చట్టం 57వ సెక్షను రచయితకు తన కృతి తనదని చెప్పుకునే హక్కు ఇచ్చింది. 2012 సవరణ సినిమా పాటల రచయితకూ, స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఇచ్చింది. మరి నాట్లు వేస్తూ, దంపుళ్లు దంచుతూ పాట కట్టినవారికి? వాళ్ల పేర్లే లేవు, వాటా ఎవరికిస్తారు?

ఇంతా చెప్పి నా సంగతి దాచడం న్యాయం కాదు. నిరుడు పాటల పోటీలో నాకు బహుమతి వచ్చింది. ‘రచన, బాణీ’ అన్నచోట నా పేరే రాసిచ్చాను. నిజానికి చరణాలు రెండు నావి. పల్లవీ, బాణీ మా చేలో నాట్లకు వచ్చే ఒక పెద్దావిడవి. పాట వినిపిస్తే మా అమ్మ, “ఇది ఆవిడ పాట కదరా!” అంది. సిగ్గేసింది. సెలవులకు వెళ్లినప్పుడు ఆవిడతోనే చెప్పాను. ఆవిడ నవ్వి, “నాదేంటి బాబూ, మా అత్త పాడేది. ఆమె కాడే నేర్సుకున్నా” అంది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. అడక్కుండానే తన అత్త పేరు చెప్పింది. ఇంత చదువు చదివిన నేను రెండు మాటలు రాయలేకపోయాను.

అందుచేత యూనియన్ వారికి నాదొక మనవి. ఈ ఏటినుంచి మన పోటీల ఫారంలో రెండు గళ్లు చేర్చండి. ‘ఎవరి దగ్గర విన్నారు? ఏ ఊళ్లో?’ అని. స్టేజి మీద పాటకు ముందు ఆ పేరు చదవండి. సినిమా పాట అయితే రచయితనూ, స్వరకర్తనూ చెప్పండి. అరనిమిషం పని. చుట్టూ రేపల్లె దాకా ఉన్న పల్లెల్లో పాట వచ్చిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. సెలవుల్లో ఒక్కొక్కరం ఒక్కొక్క పాటను, పాడినవారి పేరుతో సహా, రాసుకు వచ్చినా వచ్చే సంచికలో నాలుగు పేజీలు నిండుతాయి.

మొదటి పాట నేనే ఇస్తాను. ఈసారి రెండు పేర్లతో, ఆవిడ పేరూ, ఆవిడ అత్తగారి పేరూ. చరణాలు రెండు నావని కింద చిన్న అక్షరాల్లో వేస్తే చాలు.