వచ్చే శనివారం మా మైదానంలో

అమెరికాలో చదువుకుంటున్న మా మేనల్లుడు ఈమధ్య ఫోనులో నాకొక పత్రిక ముక్క పంపించాడు. “మామా, నువ్వు జరిగిపోయినవాటిని గురించే ఎప్పుడూ వ్రాస్తావు. ఇక్కడివాళ్ళు ఇంకా జరగని ఆటను గురించి ఎట్లా వ్రాస్తారో చూడు” అని దానికింద వొక వాక్యం. మేనమామను ఎత్తిపొడవడం మేనల్లుళ్ళ జన్మహక్కు గనక ఏమీ అనలేదు. చదివాను.

వాడుండేది పెన్సిల్వేనియాలో బెత్లెహేం అనే వూళ్ళో, లీహై విశ్వవిద్యాలయంలో. పక్కన ఈస్టన్ అనే వూళ్ళో లాఫయెట్ కాలేజీ వున్నది. ఈ రెండింటికీ ఏటా ఒక ఫుట్‌బాల్ పందెం. మనం కాలితో తన్నే బంతి కాదండీ, కోడిగుడ్డు ఆకారంలో వుండే బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. పేరులోనే గాని పాదానికి అందులో పని తక్కువ. పక్షానికి పదకొండుమంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి అవతలివారి పాలవుతుంది. లాఫయెట్‌లో మొత్తం విద్యార్థులు మూడువేలమంది కూడా లేరు. వూరికీ వూరికీ మధ్య పాతిక కిలోమీటర్ల పైచిలుకు, అంటే మా డోర్నకల్‌కూ ఖమ్మానికీ వున్నంత దూరం అనుకోండి. 1884లో మొదటిసారి ఆడారట. తొలిరోజుల్లో ఏడాదికి రెండేసిసార్లు కూడా ఆడారు గనక 2014 నాటికి 150వ ఆట వచ్చింది. దాన్ని న్యూయార్కులో యాంకీ స్టేడియం అనే పెద్ద మైదానంలో పెట్టుకున్నారు. 1884లో మా వూరికి రైలే లేదు. సికింద్రాబాదు నుంచి బెజవాడ దాకా పట్టాలు పూర్తయింది 1889లో.

ఆ పత్రిక ముక్కలో ఏమున్నదయ్యా అంటే, ఎవరి భుజం నొప్పిగా వున్నది, గాలి ఎటునుంచి వీస్తే ఎవరికి లాభం, ఎవరి ఎడమపక్క బలహీనం. చూడగానే నవ్వు వచ్చింది. రెండోసారి చదివితే రాలేదు. ఎందుకంటే వచ్చే శనివారం మా కాలేజీ మైదానంలోనూ ఒక పందెం వున్నది. దాన్ని గురించి ఎవరూ ఒక్క ముక్క వ్రాయలేదు.

మాది చెడుగుడు. కబడ్డీ అంటేగాని ఈకాలం పిల్లలు పలకరు. మహారాష్ట్రులు హుతుతు అనేవారు, అరవవారు సడుగుడు అంటారు. ఎవరేమన్నా గుక్క తిప్పుకోకుండా కూత పెట్టడం ఒకటే. రాబోయే ప్రత్యర్థులు బొగ్గుబావుల వైపు కాలేజీవారు. భద్రాచలం రోడ్డు లైను బండిలో వచ్చి మా జంక్షనులో దిగుతారు. నిరుడు వాళ్ళ వూరికి మేము వెళ్ళి ఒక్క పాయింటు తేడాతో ఓడి వచ్చాం. తిరుగు బండిలో పన్నెండుమంది పిల్లల్లో ఒక్కడు నోరు విప్పితే వొట్టు. వేరుశనక్కాయలు కొనిపెట్టినా తినలేదు.

ఈ తెలుగు మాస్టారికి ఆటలతో ఏం పని అని మీకు సందేహం రావచ్చు. చిన్న కాలేజీల సంగతి తెలిసినవారికి రాదు. వ్యాయామం చెప్పే ఉపాధ్యాయుడు మాకు లేడు. ఆయన కుర్చీ వున్నది, ఈల కూడా వున్నది. ఆ ఈల నా మెడలో వేశారు. వ్యాకరణం చెప్పేవాడికి వ్యాయామం ఎంతలే అనుకున్నారు కాబోలు. మొదటి నెల “లోనా” అంటే ఏమిటో తెలియక నేను పడ్డ అవస్థ పగవాడికి వద్దు. అవతలి ఏడుగురూ అవుటైతే అదనంగా వచ్చే రెండు పాయింట్లండీ అది. అంతే.

ఇక ఆట సంగతి. వాళ్ళ బలమంతా పట్టులో వున్నది. చేయీ చేయీ కలిపి ఇద్దరిద్దరుగా గొలుసు కట్టి నిలబడి, కూతకు వచ్చినవాణ్ణి లోపలికి రానిచ్చి తలుపు మూసినట్టు మూసేస్తారు. ముఖ్యంగా వాళ్ళ ఎడమ మూల కుర్రవాడు. పొట్టివాడు, చూస్తే ఎవరింటికో పాలు పోయడానికి వచ్చినవాడిలాగా అమాయకంగా వుంటాడు. వొంగి చీలమండ పట్టాడంటే మాత్రం ఉడుంపట్టే. నిరుడు మమ్మల్ని ఓడించింది వాడే. పైగా ఈ ఏడు వాళ్ళకు మ్యాట్‌మీద, బూట్లతో ఆడే సాధన కుదిరింది. మావాళ్ళు ఉత్తకాళ్ళతో మట్టిమీద ఆడేవాళ్ళు. మట్టంటే అలుసుగా అనుకోకండి. ముందురోజు రాళ్ళు ఏరి, మన్ను జల్లెడ పట్టి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీస్తాం. పొడవు పదమూడు మీటర్లు, వెడల్పు పది. శనివారం ఆట మా మట్టిమీదే గనక బూట్లు వాళ్ళకు అక్కరకు రావు. మాకున్న మొదటి లాభం అది.

రెండో లాభం మా పట్టు కూడా నిరుటిలాగా లేదు. కుడి మూలకు వచ్చిన మొదటి సంవత్సరం పిల్లవాడు ఆవేశపడకుండా ఆగగలడు. ఈ ఆటలో ఆగడమే కష్టం. ముప్ఫై సెకన్లు ఎదటివాడు మీదమీదికి వచ్చి కవ్విస్తుంటే చెయ్యి చాపకుండా వుండడం సన్యాసులకు కూడా తేలిక కాదు. చాపితే తాకి పారిపోతాడు. ముగ్గురో అంతకు తక్కువో మిగిలినప్పుడు పట్టుకుంటే ఒకటికి రెండు పాయింట్లు. ఇద్దరే మిగిలిన వేళ ఈ పిల్లవాడు అట్లా పట్టడం పోయిన నెలలో రెండుసార్లు చూశాను.

ఇక మిగిలింది మా కూతగాడు. పేరు వ్రాయను. వ్రాయవద్దని వాడే బతిమాలాడు. మా చుట్టుపక్కల తండాల్లో ఒకదాన్నుంచి రోజూ సైకిలుమీద వస్తాడు. పత్తి ఏరే రోజులు గనక ఉదయం చేలో రెండు గంటలు వంగి ఏరి వస్తాడు, నా క్లాసులో నిద్రపోతాడు. నేను లేపను. మూడో సంవత్సరం. వాడి విద్యంతా బోనస్ గీత దగ్గర వున్నది. అది మధ్యగీతకు 4.75 మీటర్ల దూరంలో, అవతలివారి కోటలోపల వుంటుంది. దాని వెనక ఇక మిగిలేది 1.75 మీటర్లు. అవతల ఆరుగురో ఏడుగురో వున్నప్పుడు ఆ గీత దాటి ఒక పాదం మోపి, ఆ క్షణాన రెండో పాదం గాలిలో వుంచగలిగితే ఎవరినీ తాకకుండానే పాయింటు. అంటే వొళ్ళు మొత్తం బరువు ఒంటికాలిమీద, ఏడుగురు మూగి చూస్తుండగా. వీడు చేస్తే అదేదో తమలపాకుమీద అడుగు పెట్టినట్టుంటుంది.

ఆ కాలే ఇప్పుడు బాగాలేదు.

పదిహేను రోజులనాడు సాధనలో మోకాలు మడతపడింది. మొదట తండాలో ఆరెంపీ డాక్టరు కట్టు కట్టాడు. వాపు తగ్గకపోతే నేనే ఖమ్మం తీసుకుపోయి ఎముకల డాక్టరుకు చూపించాను. నరం కాస్త సాగింది, తెగలేదు, ఒక నెల ఆడవద్దు, ఈలోగా మళ్ళీ మెలిపడితే మాత్రం చెప్పలేను అన్నారు. నెల అంటే ఇంకా సగం మిగిలి వున్నది. మొన్న మెట్లు దిగుతుంటే చూసి ఆపాను.

“మోకాలు ఎట్లున్నదిరా?”

“మంచిగనే వుంది సార్.”

“కుంటుతున్నవు గదా?”

“చెప్పులు కొత్తవి సార్, కరుస్తున్నయి.”

చెప్పుల వంక చూశాను. అవి పుట్టి మూడేళ్ళయి వుంటుంది.

వాడి తొందర వాడిది. శనివారం ఆట చూడ్డానికి విశ్వవిద్యాలయం జట్టును ఎన్నుకొనేవారు వస్తున్నారు. వాళ్ళ కంటపడితే వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం జట్టు ఎంపికకు పిలుపు. ఆ జట్టులో చేరితే అంతర విశ్వవిద్యాలయ పోటీలు. అక్కడ ఆడిన కాగితం చేతికి వస్తే క్రీడల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రైల్వేలో కూడా ఆ కోటా వున్నది. జంక్షను వూరి పిల్లవాడికి రైల్వే వుద్యోగమంటే వేరే చెప్పాలా! ఇదంతా ఒకదానికొకటి తగిలించిన గొలుసు. ఎక్కడ ఒక కొక్కెం ఊడినా మిగతాది లేదు. వచ్చే ఏడు చూసుకుందామంటే వాడు కాలేజీలో వుండడు.

పోయిన సోమవారం వాళ్ళ నాన్న వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని గది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు. “సారూ, మావోడు ఆడితె నౌకరొస్తదంటుండు. నిజమేనా? నిజమైతె పత్తికి కూలోళ్ళను పెట్టుకుంట, వాణ్ణి పిలువ” అన్నాడు. నేను ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెపుతున్నాను. ఇంత తేలికపాటి ప్రశ్నకు జవాబు దొరకలేదు. వస్తుందని అనలేను, రాదనీ అనలేను. “మంచిగ ఆడతడు” అన్నాను. ఆయన దాన్నే అవునని తీసుకుని సంతోషంగా వెళ్ళిపోయాడు. మోకాలు సంగతి ఆయనకు తెలుసునో తెలియదో నేను అడగలేదు. అడగవలసింది.

ఈ ముక్క ఇంట్లో చెపితే మా ఆవిడ, “వీధిలో పిల్లలాడుకొనే చెడుగుడుకు వుద్యోగాలేమిటండీ!” అన్నది. ఆవిడ తప్పు లేదు. మా చిన్నప్పుడు ఆడితే వీపు విమానం మోత మోగేది. కానీ 1936లోనే అమరావతి నుంచి వెళ్ళిన వ్యాయామశాలవారు బెర్లిన్ ఒలింపిక్సు సమయంలో ఈ ఆట ఆడి చూపించారు. 1990లో పెకింగు ఆసియా క్రీడల్లో దీనికి పతకాలు పెట్టారు. అప్పటినుంచి 2014 దాకా వరుసగా ఏడుసార్లు బంగారం మనదే. 2018లో ఇరాను వాళ్ళు సెమీఫైనల్లో మన మగవాళ్ళనూ, ఫైనల్లో మన ఆడపిల్లలనూ ఓడించి కళ్ళు తెరిపించారు. 2023లో హాంగ్జౌలో రెండు బంగారాలూ మళ్ళీ తెచ్చుకున్నాం. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ అని మన పేరిట ఒక జట్టే వున్నది. ఇదంతా చెపితే, “అయితే ఆ పిల్లవాడికి మోకాలు బాగయ్యేదాకా ఈ ఇరానువాళ్ళు ఆగుతారా?” అని అడిగింది. కాదు, అసలు ప్రశ్న అదే.

అన్నట్టు మా ఆడపిల్లలకు కూడా అదేరోజు పొద్దున ఆట వున్నది. పన్నెండు మీటర్ల కోటు, ఎనిమిది వెడల్పు. వాళ్ళు గెలుస్తారు. అందుకే వ్రాయలేదు. ఈ మాటకు నామీద కోపం వచ్చినట్టుంది, నిన్నటినుంచి నమస్కారం పెట్టడంలేదు.

మొదట నా వుపాయం ఇది. వాణ్ణి మొదటి ఇరవై నిమిషాలూ బయట కూచోబెట్టి, రెండో సగంలో అవసరాన్నిబట్టి నాలుగైదు కూతలకు పంపితే సరిపోతుంది గదా అని. మా కెప్టెను తల అడ్డంగా తిప్పాడు. అవతల ఆరుగురికి తక్కువ వుంటే బోనస్ గీతకు విలువ లేదు. ఆట సాగేకొద్దీ మనుషులు అవుటై పలచబడతారు. వీడి విద్య పనికివచ్చేది అందరూ నిండుగా నిలబడి వున్నప్పుడే, ముఖ్యంగా మొదట్లో. పైగా ఆ గీతకు అందరికంటే దగ్గర్లో కాచుకుని వుండేది ఎవరు? ఆ ఎడమ మూల ఉడుంపట్టువాడు. వాడు పట్టేది చీలమండ. మెలిపడేది మోకాలు.

నన్ను జోస్యం చెప్పమంటే, వీడు ఆడి మోకాలు నిలిస్తే మేము నాలుగైదు పాయింట్లతో గెలుస్తాం. వీడు ఆడకపోతే అదే తేడాతో ఓడతాం. ఓడినంతమాత్రాన మాకు వచ్చే నష్టం తిరుగుబండి కూడా లేదు, ఆట మా వూళ్ళోనే. కానీ ఎన్నుకొనేవారు బల్లమీద కూచున్నవాణ్ణి ఎన్నుకోరు.

పన్నెండు పేర్ల జాబితా శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఇవ్వాలి. సంతకం నాది. గురువారం మళ్ళీ ఖమ్మం తీసుకుపోతానని వాడితో చెప్పాను. డాక్టరు నిలబెట్టి, ఒంటికాలిమీద కుంగి లేవమంటారు. లేచేటప్పుడు వాడి కాలును కాదు, వాడి ముఖం చూద్దామనుకుంటున్నాను. వాడు అబద్ధం ఆడగలడు గాని బాగా ఆడలేడు. వాళ్ళ నాన్నను కూడా రమ్మని కబురు పంపాను, పత్తి పని ఒక పూట ఆగుతుంది.

ఆట శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు. వచ్చేవారు గొడుగు తెచ్చుకోండి, మా మైదానంలో చెట్టన్నది ఒక్కటే, దానికింద చోటు పిల్లలు ముందే పట్టేస్తారు. ఆలోగా ఆ కాగితంమీద పదకొండు పేర్లు వ్రాసి పెట్టుకున్నాను.