మాత్రలు మానిపించే ముందు

తనలో తాను మాట్లాడుకుంటున్న కుర్రవాణ్ణి ఇంటివారు మొదట తావీజు కోసం తీసుకువెళ్తారు. నెలలు గడిచాక వైద్యుని వద్దకు వస్తారు. మాత్రలు మొదలైన కొన్నాళ్లకు అతని చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుంటుంది. మందే బిడ్డను పాడుచేసిందని తల్లి మాత్రలు దాచేస్తుంది. ఆమె చూసినది అబద్ధం కాదు. చేసిన పని మాత్రం ప్రమాదకరం.

మెదడులోని కణాలు పరస్పరం కబురు పంపుకునే రసాయనాల్లో డోపమైన్ ఒకటి. కొన్ని మార్గాల్లో అది మితిమీరితే లేని మాటలు వినిపిస్తాయి, అకారణ అనుమానాలు బలపడతాయి. 1952లో పారిస్ వైద్యులు వాడి చూసిన క్లోర్‌ప్రోమజైన్ మొదలు నేటి రిస్పెరిడోన్ వరకు ఈ మందుల్లో అధికభాగం ఆ కబురును అడ్డుకుంటాయి. అయితే శరీర కదలికలను అదుపులో ఉంచడానికీ డోపమైన్ అవసరమే. అక్కడా అడ్డు పడటం వల్లనే వణుకు, బిగుతు, ఒకచోట కూర్చోలేని అశాంతి కలుగుతాయి. హాలోపెరిడాల్ వంటి పాత మందులతో ఇవి ఎక్కువ. ఓలాంజపైన్, క్లోజపైన్‌లతో బరువు, రక్తంలో చక్కెర పెరగవచ్చు. క్లోజపైన్ వాడేవారికి తెల్లకణాల పరీక్ష క్రమం తప్పకుండా జరగాలి.

వీటిలో చాలావాటికి పరిష్కారం ఉంది. వైద్యుడు మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు, వణుకుకు విరుగుడు ఇస్తారు. చెప్పకుండా మానిపిస్తే జబ్బు తిరగబెడుతుంది. తీవ్ర జ్వరం, ఒళ్లు కొయ్యబారడం, స్పృహ తడబడటం కలిసి కనిపిస్తే మాత్రం క్షణం ఆగక ఆసుపత్రికి చేర్చాలి.

రంజాన్‌లోనూ మాత్ర వదలరాదు. ఇఫ్తార్, సహరీ వేళలకు మార్చుకునే వీలుందేమో నెల ముందే వైద్యుణ్ణి అడగండి. వీలు కాకుంటే, రోగికి ఉపవాసం నుంచి మినహాయింపును ఖుర్ఆనే ఇచ్చింది.

వైద్యం అందని చోట ఏమవుతుందో తమిళనాడులోని ఏర్వాడి చూపింది. 2001 ఆగస్టు 6న అక్కడి ఒక ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది మరణించారు. రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

గంగవరం, పలమనేరు ప్రాంతాల వారికి బెంగళూరులోని నిమ్హాన్స్ దూరం కాదు. ఇంటి నుంచే సలహా కావాలంటే 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. దుఆ చేయండి, మందూ వేయించండి. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. బిడ్డ చేయి వణికితే ఆ మాట దాచక వైద్యునికి చెప్పండి. అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక.