తెగేదాకా ఎందుకు లాగడం?

పాత కారుని ప్రేమించడం అంటే ఆదివారం కడిగి తుడవడం, దసరాకి బొట్లు పెట్టి నిమ్మకాయలు తొక్కించడం, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టడం అనుకునేవాళ్ళు మా ఇంట్లోనే నలుగురున్నారు. ఆ నలుగురూ ఒక్క రబ్బరు బెల్టు మార్చడానికి మాత్రం ఆర్నెల్లుగా వాయిదాలు వేస్తున్నారు. కారు ఉంచుకోవాలంటే ముందు ఆ బెల్టు మార్చాలి. మార్చే ఉద్దేశం లేకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ఇదీ నా మాట. బీయే తెలుగు చదివిన దానికి ఇంజన్ల గొడవెందుకు అంటారేమో, కాస్త ఓపిగ్గా చదవండి.

కారు మా మరిదిది. 2002లో మొదటి ఉద్యోగం రాగానే కొన్న ఫియట్ పాలియో, 1.6 ఇంజన్. అంతకుముందు ఏడాదే ఆ కారు మన దేశంలోకి వచ్చింది, ప్రచారం చేసింది సచిన్ టెండూల్కర్. వంద హార్స్‌పవర్, పదహారు వాల్వులు. మారుతి 800లు తిరిగే గాజువాక రోడ్ల మీద కుర్రాళ్ళకి అదే స్పోర్ట్స్ కారు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా దాని మీద వెళ్ళి రావడం మా మరిదికి ఒక పండగ. ఇప్పుడతను మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. కారు కూర్మన్నపాలెంలో మా రేకుల షెడ్డులో ఉంది. అమ్మడానికి అతనికి మనసు రాదు, మా అత్తయ్యకి అసలే రాదు. ఈ మధ్య డ్రైవింగ్ లైసెన్సు వచ్చిన మా అబ్బాయికి కన్ను దాని మీద పడింది.

సంగతేమిటంటే ఇంజన్‌లో టైమింగ్ బెల్టు అని ఒకటుంటుంది. ఫ్రెంచి, ఇటలీ వాళ్ళు దాన్నే డిస్ట్రిబ్యూషన్ బెల్టు అంటారట. మా అబ్బాయి ఆ మాట అనగానే నాకు గ్యాస్ డిస్ట్రిబ్యూటరే గుర్తొచ్చాడు. దాని పని చాలా సున్నితం. కింద క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. అలా తిరిగితేనే వాల్వులు తెరుచుకోవాల్సిన క్షణంలో తెరుచుకుని, పిస్టన్ పైకి వచ్చేలోపు మూసుకుంటాయి. పాట పాడేవారు ఒకరు, తాళం వేసేవారు ఒకరు అనుకోండి. ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకి పాతికసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అంత వేగంలో తాళం తప్పకుండా చూసేది పళ్ళున్న ఒక రబ్బరు పట్టీ, లోపల గాజుపీచు తాళ్ళు.

అది తెగితే పాట ఆగిపోవడంతో సరిపోదు. క్యామ్‌షాఫ్ట్ ఆగిపోతుంది, వాల్వులు ఎక్కడివక్కడే తెరుచుకుని ఉండిపోతాయి, పిస్టన్లు మాత్రం ఊపులో పైకి వచ్చి వాటిని గుద్దుతాయి. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్లూ పోతాయి. అన్ని ఇంజన్లూ ఇలా కావు. కొన్నిటిలో తెగినా గుద్దుకోనంత చోటు వదులుతారు. మా షెడ్డులో ఉన్నది మాత్రం గుద్దుకునే రకమేనని ఆటోనగర్ మెకానిక్ ఖాయంగా చెప్పాడు.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. పళ్ళున్న ఈ బెల్టు 1940ల్లో అమెరికాలో సింగర్ కుట్టుమిషన్ కోసం పుట్టిందట. పైన సూది, కింద బాబిన్ ఒకదానికొకటి తాళం తప్పకూడదు కదా! మిషన్ కుట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ లెక్క తప్పితే సూది విరుగుతుంది. 1962లో జర్మనీ వాళ్ళ గ్లాస్ 1004 అనే కారులో ఈ బెల్టు పెట్టారు. 1966లో ఫియట్ 124 స్పోర్ట్‌కి వచ్చింది, ఆ ఇంజన్ గీసిన లాంప్రెడీ అంతకుముందు ఫెరారీలో పనిచేసినవాడే. తర్వాత ఫెరారీలకీ, పోర్షె 944కీ పాకింది. అంటే స్పోర్ట్స్ కారు గుండెకాయలో ఉన్నది మన కుట్టుమిషన్ సామానే. ఇక ఆడవాళ్ళకేం తెలుసు అనేవాళ్ళు కాస్త ఆలోచించుకోవాలి.

మా ఇంట్లో పెద్దవాళ్ళ వాదన ఏమిటంటే, మా మామగారి అంబాసిడర్ పాతికేళ్ళు తిరిగింది, ఏనాడైనా ఈ బెల్టు మాట విన్నామా అని. వినరు. ఎందుకంటే అంబాసిడర్‌లోనూ ప్రీమియర్ పద్మినిలోనూ ఆ చోట ఉండేది ఇనప గొలుసు. అరిగితే గలగలమని చప్పుడు చేసి ముందే చెప్పేది. రబ్బరు బెల్టు అలా చెప్పదు. నిన్నటిదాకా బాగానే ఉంటుంది, ఇవాళ తెగుతుంది. గొలుసు కాలంలో నేర్చుకున్న బుద్ధి బెల్టు కాలానికి పనికిరాదు.

రెండో వాదన మా ఆయనది. "ఏడాదికి మూడొందల కిలోమీటర్లు కూడా తిరగని కారు. తిరగని బెల్టు అరుగుతుందా?" అరగదు, నిజమే. ముసలిదవుతుంది. రబ్బరు వేడికి గట్టిపడి బీటలు వేస్తుంది, పక్కనున్న సీలు కారితే ఆ నూనెకి మెత్తబడుతుంది. వైశాఖ మాసంలో మా రేకుల షెడ్డులో అరగంట నిలబడండి, తెలుస్తుంది. అందుకే కంపెనీలు ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్ళు, ఏది ముందొస్తే అది అని రాస్తాయి. మన గ్యాస్ పొయ్యికి వాడే ఆరెంజ్ రంగు సురక్షా పైపు లేదూ, దాని మీద అయిదేళ్ళ గడువు అచ్చువేసి ఉంటుంది. రోజూ మూడు పూటలా వండినా, ఊరెళ్ళి ఇల్లు తాళం వేసినా గడువు గడువే. ఇంకా బాగానే ఉంది కదా అని ఆ పైపుని పదేళ్ళు ఉంచమంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. మా కారు బెల్టు చివరిసారి మార్చింది 2014లో.

అసలు విచిత్రం ఏమిటంటే మా ఆయన ఉద్యోగమే బెల్టుల దగ్గర. స్టీల్ ప్లాంటులో ముడిసరుకు మోసే కన్వేయర్లు చూస్తారు. అక్కడ షట్‌డౌన్ తేదీ ముందే రాసుకుంటారు, ఆ రోజు రాగానే నడుస్తున్న బెల్టుని ఆపి మరీ అతుకులు, రోలర్లు చూస్తారు. తెగాక చూద్దాం అన్నవాణ్ణి అక్కడ ఒక్క షిఫ్టు కూడా ఉండనివ్వరని ఆయనే చెబుతారు. గేటు దాటి ఇంటికి రాగానే ఆ శాస్త్రం ఏమవుతుందో నాకర్థం కాదు. ఈ మాట ఆయన ముందే అన్నాను, నవ్వి ఊరుకున్నారు.

ఇదంతా డబ్బు లెక్కే అయితే నేనింత పట్టుబట్టేదాన్ని కాదు. మా అత్తయ్యకి డెబ్భై ఆరేళ్ళు. మనవడు ఆ కారు బయటికి తీస్తే మొదటిసారి సింహాచలం తీసుకెళ్ళాలని ఆవిడ కోరిక. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బెల్టు తెగిందనుకోండి. ఇంజన్ ఆగిపోతుంది, స్టీరింగ్ బండరాయిలా బిగుస్తుంది, బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగా పడి ఆ తర్వాత ఎంత తొక్కినా గట్టిగా ఉంటుంది. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న పందొమ్మిదేళ్ళ పిల్లాడు, పక్కన నానమ్మ. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు మా వాళ్ళు. ఆ పరీక్షలో లైట్లు, బ్రేకులు, పొగ చూస్తారు గానీ ఇంజన్ మూత విప్పి ఈ బెల్టు చూసేవారెవరు?

ఖర్చు సంగతీ చెప్తాను. బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, నీళ్ళ పంపు, కూలంట్, కూలీ కలిపి మెకానిక్ చెప్పింది 14 వేలు. తెగాక హెడ్ దింపి బాగుచెయ్యాలంటే ఎంతవుతుందో లెక్కకట్టడానికి అతను ఇష్టపడలేదు, "ముందు సామాను దొరకాలి కదమ్మా" అన్నాడు. పాలియో తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఉత్త బెల్టు మార్చి మిగతావి వదిలేస్తే మూడు వేలు మిగులుతాయని మా ఆయన అన్నారు గానీ, ఆ పాత బేరింగు రేపు బిగుసుకుంటే కొత్త బెల్టు కూడా దాంతోపాటే పోతుంది. చింతపండు కొత్తది, పురుగుపట్టిన కందిపప్పు పాతది వేసి పప్పుచారు కాస్తామా?

సచిన్‌కి 2002లో బ్రాడ్‌మన్ 29 సెంచరీలని అందుకున్నందుకు షుమాకర్ చేతుల మీదుగా ఫెరారీ 360 మోడెనా బహుమతిగా వచ్చింది గుర్తుందా? దాని కస్టమ్స్ సుంకం మీద దేశమంతా మాట్లాడింది. ఆ కారుకీ ఇలాంటి బెల్టులే, రెండు. గడువుకి అవీ మార్చాల్సిందే. అంతకుముందు మోడల్ ఎఫ్355కైతే బెల్టు మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దింపాలి. అంత ఖరీదు కారున్నవాళ్ళే ఏడుస్తూనో నవ్వుతూనో చేయిస్తారు. మనది ఇంజన్ దింపే పని కూడా కాదు.

"గుర్తుగా ఉంచుకుందాం వదినా, నడపకపోయినా పర్లేదు" అన్నాడు మరిది ఫోనులో. నడపకపోతే పర్లేదనేదాంట్లో నాకు తేడా కనిపిస్తుంది. ఇంట్లో కుర్రాడుంటే తాళంచెవి గోడకి ఊరికే వేలాడదు. నడపరు అనుకుని బెల్టు వదిలేసి, తాళంచెవి మాత్రం అందరికీ అందేలా ఉంచడం నాకు నచ్చలేదు. "నువ్వు సగం పెట్టుకో, మేం సగం పెడతాం, లేదంటే ఈ నెలాఖరుకి అమ్మేస్తాం" అని చెప్పేశాను. అటునుంచి చాలాసేపు మాట లేదు. రెండో రోజు డబ్బు వచ్చింది, పూర్తి 14 వేలూ.

వచ్చే బుధవారం కారుని లాగించుకుని ఆటోనగర్ తీసుకెళ్తున్నారు. స్టార్ట్ చేసి తీసుకెళ్ళొద్దన్నాను. క్యామ్‌షాఫ్టులు కదలకుండా పట్టుకునే లాకింగ్ టూల్ ఉందా అని మా అబ్బాయి ముందే అడిగి కనుక్కున్నాడు, ఉందట. బెల్టు ఎక్కించాక స్టార్ట్ చేసేముందు స్పానరుతో చేత్తోనే ఇంజన్ని రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూస్తారట. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా అప్పుడే తెలిసిపోతుంది. అక్కడే నిలబడి అది చూసి రమ్మన్నాను. తేదీ, కిలోమీటర్లు రాసి బానెట్ లోపల అంటించడానికి స్టిక్కరు, పాత బెల్టు ఇంటికి తెచ్చుకోవడానికి ఒక సంచీ ఇచ్చి పంపుతున్నాను. ఆ పాత బెల్టుని వేళ్ళతో వెనక్కి వంచి పళ్ళ మొదట్లో బీటలున్నాయో లేదో మా ఆయనకే చూపిస్తాను.