ఒక కార్డుకు ఒకే డ్రైవర్

లినక్స్ సహాయక వాలంటీర్ల ప్రణాళిక

పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వేసిపెట్టే వాలంటీర్లం మేము. మా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికన్నా మొండిది వైఫై, అందులోనూ బ్రాడ్‌కామ్ కార్డు ఉన్న వైఫై. నిన్నటిదాకా బాగానే ఉన్నది అప్‌డేట్ కాగానే మాయమవుతుంది. ఎవరో చెప్పారని నాలుగు కమాండ్లు కొడతారు, ఇంకెవరో చెప్పారని మరో నాలుగు. చివరికి ఒకే కార్డు కోసం మూడు డ్రైవర్లు, వాటిని ఆపమనే రెండు ఫైళ్లు పోగుపడతాయి. ఈ చిక్కును మేమెలా విప్పుతామో, ఏం చేయబోమో ఇక్కడ రాసి పెడుతున్నాం.

తగవు ఎక్కడ మొదలైంది

బ్రాడ్‌కామ్ తన వైఫై చిప్‌ల వివరాలు బయటపెట్టని రోజుల్లో ఔత్సాహికులే పూనుకున్నారు. ఒక జట్టు కంపెనీ డ్రైవర్‌ను విప్పి చూసి, చిప్ ఎలా పనిచేస్తుందో రాసింది. ఆ రాతను మాత్రమే చదివి మరో జట్టు కొత్త డ్రైవర్ తయారుచేసింది. అది 2006లో కెర్నెల్‌లోకి చేరింది. దాని వారసుడు బీ43, 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌తో వచ్చింది. కంపెనీ సొంత డ్రైవర్ డబ్ల్యూఎల్ సోర్స్ మూసి ఉన్నది. 2010 సెప్టెంబరులో అదే కంపెనీ ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఒకటి విడుదల చేసింది. అందులోంచి వచ్చిందే నేటి బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్. కొన్ని చిప్‌లకు ఈ మూడింట్లో ఒకటే సరిపడుతుంది, కొన్నిటికి రెండు. గొడవంతా ఆ రెండో రకంతోనే.

మా సూత్రాలు

1. ముందు కార్డేదో తేలుస్తాం. స్టిక్కర్ మీద పేరును నమ్మం. ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ కొడితే కార్డు ఐడీ, దాన్ని ఇప్పుడు పట్టుకున్న డ్రైవర్, పట్టుకోగల మాడ్యూళ్లు కనిపిస్తాయి. 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. దాని పక్కన 4727 ఉంటే బీసీఎం4313. బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్, డబ్ల్యూఎల్ రెండూ నడుస్తాయి. 4365 ఉంటే బీసీఎం43142; డబ్ల్యూఎల్ తప్ప దిక్కులేదు. ఈ అంకెలు చూడందే ఏ డ్రైవర్ జోలికీ పోం. ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కూడా అప్పుడే చూస్తాం. వైఫై స్విచ్ ఆఫ్‌లో ఉంటే డ్రైవర్లను అనుమానించి లాభం లేదు.

2. ఒక కార్డుకు ఒకే డ్రైవర్. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కెర్నెల్‌లో ముందు అందుకున్న మాడ్యూల్‌దే కార్డు. బీసీఎంఏ, ఎస్‌ఎస్‌బీ అనే బస్ మాడ్యూళ్లు ముందే పట్టేస్తే, డబ్ల్యూఎల్ లోడైనా వైఫై ఇంటర్‌ఫేస్ రాదు. అందుకే డబ్ల్యూఎల్ ఎంచుకున్నచోట బీ43, బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్‌లతో పాటు ఆ రెండింటినీ ఆపుతాం.

3. కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్‌కే మొదటి అవకాశం. అది కెర్నెల్‌తో పాటే అప్‌డేట్ అవుతుంది. బీ43కి ఫర్మ్‌వేర్ విడిగా తెచ్చుకోవాలని మరిచిపోం. దాంతో కుదరకపోతే డబ్ల్యూఎల్ వేయడానికి మొహమాటపడం. ఇంట్లో పిల్లల పరీక్ష ఫీజు కట్టాల్సినరోజు సిద్ధాంత చర్చ పెట్టం.

4. ప్రతి నిషేధానికీ కారణం రాస్తాం. ‘ఈటీసీ’లోని ‘మోడ్‌ప్రోబ్.డీ’ ఫోల్డర్‌లో మా ఫైలు ఒక్కటే ఉంటుంది. దాని మొదటి వరుస ఇలా ఉంటుంది: ‘# కార్డు 14ఈ4:4365. డబ్ల్యూఎల్ మాత్రమే నడుస్తుంది, అందుకే మిగతావి ఆపాం.’ బ్లాక్‌లిస్ట్ చేస్తే మాడ్యూల్ తనంతట తాను లోడవడం ఆగుతుందే తప్ప, వేరే మాడ్యూల్ పిలిస్తే వస్తుందని గుర్తుంచుకుంటాం. డెబియన్ కుటుంబంలో ప్యాకేజీని రిమూవ్ చేస్తే దాని సెట్టింగ్ ఫైళ్లు మిగిలిపోతాయి, పర్జ్ చేస్తేనే పోతాయి. డబ్ల్యూఎల్ తీసేసినా దాని నిషేధ ఫైలు మిగిలితే కార్డుకు ఏ డ్రైవరూ దొరకదు. అందుకే కొత్తది వేసేముందు పాత ఫైళ్లన్నీ వెతికి తీస్తాం; ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి కట్టిస్తాం.

5. వెనక్కి దారి ఉంచుకునే ముందుకెళ్తాం. ఉన్న వైఫైని పీకేముందు ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి నెట్ వస్తోందో లేదో చూస్తాం. పాత కెర్నెల్‌ను గ్రబ్ మెనూలో ఉంచుతాం. ఒక్కసారికి ఒక్క మార్పే చేస్తాం, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

6. సెక్యూర్ బూట్‌ను గుట్టుగా ఆపేయం. అది ఆన్‌లో ఉన్నప్పుడు, డీకేఎంఎస్ కట్టిన డబ్ల్యూఎల్ మాడ్యూల్‌కు సంతకం లేకపోతే కెర్నెల్ దాన్ని రానివ్వదు. కీ తయారుచేసి నమోదు చేయడం కొంచెం పనే అయినా అదే చేస్తాం. ఆపేయాలో వద్దో కంప్యూటర్ యజమాని చెప్పాలి.

7. చేసింది యజమానికి చెబుతాం. ఏ డ్రైవర్ ఉంచాం, వేటిని ఆపాం, ఎలా వెనక్కి తీసుకోవాలో ఆయనకో ఆవిడకో తెలుగులో రాసిస్తాం. ముందు చేసినవాళ్లను తిట్టం.

మేము అడిగేవి

చిప్ కంపెనీలు ఫర్మ్‌వేర్‌ను ఎవరైనా పంచుకునే లైసెన్సుతో ఇవ్వాలి. మూసిన డ్రైవర్‌ను ఇచ్చి వదిలేస్తే భారం ఇతరుల మీద పడుతుంది: డబ్ల్యూఎల్ 6.30.223.271 వెర్షన్ 2015 నాటిది. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా దానికి అతుకులు వేస్తున్నది డిస్ట్రిబ్యూషన్ల వాళ్లే. డిస్ట్రిబ్యూషన్లు, రెండు డ్రైవర్లు పోటీపడే కార్డు కనబడితే ఇన్‌స్టాల్ సమయంలోనే ఆ మాట చెప్పాలి. ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లు లోపల ఏ వైఫై చిప్ ఉందో వివరాల్లో రాయాలి.

పని ఎప్పుడు పూర్తయినట్టు

సిగ్నల్ గీతలు కనబడగానే లేచి రాం. రీబూట్ చేశాక వైఫై రావాలి. మూత మూసి తెరిచాక రావాలి. కెర్నెల్ అప్‌డేట్ అయ్యాక కూడా రావాలి. ఈ మూడూ దాటనిదాన్ని బాగుచేసిన లెక్కలో వేయం. దాటనప్పుడు డీమెసేజ్ లాగ్‌తో సహా ఆ డ్రైవర్ రాసేవాళ్లకు బగ్ రిపోర్టు పంపి, దాని సంఖ్యను యజమాని చేతికి ఇస్తాం.