బాక్సైట్ బేరంలో లెక్కకు రాని మడ్డి

సూళ్లూరుపేట: కాస్టిక్ సోడా ధర బిగిసినపుడల్లా కారణాన్ని కరెంటు ఛార్జీలలోను, దిగుమతులలోను వెతకడం మన వర్తకులకు అలవాటు. అల్యూమినా కర్మాగారాల గిరాకీ సంగతీ తెలిసినదే. టన్ను అల్యూమినాకు సాధారణంగా 50 నుంచి 100 కిలోల కాస్టిక్ ఖర్చవుతుంది. అందులో ప్రధాన భాగం సిలికా వల్ల పోతుంది కనుక బాక్సైట్ కొనేవారు అల్యూమినా, సిలికా, తేమ శాతాలు అడిగి ఊరుకుంటున్నారు. సేంద్రియ కార్బన్ ఎంతో కూడా అడగాలి, ధరలో దానికి కోత పెట్టాలి అని మా అభిప్రాయం.

ఉప్పు కయ్యల సంగతి ఎరిగినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. ఉప్పు తీశాక మిగిలే చేదునీటిని వదలకుండా కొత్తనీటిలో కలుపుతూ పోతే సరుకు పాడై చెమ్మ పడుతుంది. అల్యూమినా తయారీలోను అదే తంతు. వేడి కాస్టిక్ ద్రవంలో బాక్సైట్‌ను కరిగించి, ఎర్రమట్టిని వేరుచేసి, చల్లార్చి హైడ్రేట్‌ను పేరబెడతారు. మిగిలిన ద్రవం మళ్లీ మొదటికే వెళుతుంది. చేదునీటిని పారబోయవచ్చు, ఖరీదైన సోడా ఉన్న ఈ ద్రవాన్ని పారబోయడానికి వీల్లేదు. ఖనిజంతో వచ్చిన వేళ్ల ముక్కలు, కుళ్లిన ఆకుల సారం అందులో కరిగి, ద్రవం గోధుమరంగుకు తిరిగి, మడ్డి నానాటికీ పెరుగుతుంది.

ఆ మడ్డి విరిగి సోడియం ఆక్సలేటు, కార్బనేటు అవుతుంది. కిలో కార్బన్ పూర్తిగా ఆక్సలేటుగా మారితే సుమారు 3.3 కిలోల కాస్టిక్ దానికే కట్టుబడిపోతుంది. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఆక్సలేటు సన్నని సూదులుగా హైడ్రేట్‌తో పాటే పేరితే గింజ నలుసవుతుంది, సరుకులో సోడా మిగిలిపోతుంది. ధూళి లేచే అటువంటి అల్యూమినాను స్మెల్టర్లు ఇష్టపడవు.

ఏడాదికి 15 లక్షల టన్నుల అల్యూమినా తీసే కర్మాగారం 45 లక్షల టన్నుల బాక్సైట్ వాడుతుందనుకుందాం. కార్బన్ 0.1 శాతమే అయినా 4,500 టన్నులు లోపలికి వస్తుంది. కరిగేది అందులో కొంతే, కాని ఏటా కరుగుతుంది. మాకవరపాలెంలో విశాఖ మన్యం బాక్సైట్‌ను నమ్ముకొని కట్టిన రిఫైనరీ సామర్థ్యం అంతే. గిరిజనులు తవ్వకాలను ప్రతిఘటించారు. 2019లో ప్రభుత్వం అనుమతులు రద్దు చేసింది. పంచపట్మాలి గని చేతిలో ఉన్న దామన్‌జోడి నాల్కోకు తన ఖనిజం గుణం తెలుసు. బయటి ఖనిజం కొని నడిపేవారికి మాత్రం ఓడ ఓడకూ ఒక్కొక్క రకం మడ్డి తప్పదు.

తీసివేసే ఉపాయాలు లేకపోలేదు. ఆక్సలేటును వేరుగా పేరబెట్టి సున్నంతో కలిపితే కాల్షియం ఆక్సలేటు విడిపోయి సోడా తిరిగివస్తుంది. (పులికాట్ గుల్ల సున్నం వారు అప్పుడే ఆశపడనక్కరలేదు, కర్మాగారాలకు ఒకే నాణ్యత గల సున్నం టోకున కావాలి.) రంగు తెచ్చే మడ్డికి సున్నం ఒక్కటే చాలదు. ద్రవంలో కొంత భాగాన్ని ఇంకించి కొలిమిలో కాల్చాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని వాగరప్‌లో 1996లో అటువంటి కొలిమి పెట్టిన తరువాత కార్మికులు, పక్కనున్న యార్లూప్ ఊరివారు వాసనలతో అనారోగ్యం పాలవుతున్నామని మొరపెట్టుకున్నారు. కనుక కాల్చడం మీద మాకు అంత మోజు లేదు. అదే రాష్ట్రంలోని క్వినానాలో సూక్ష్మజీవులచేత ఆక్సలేటును తినిపించారు; ఆ రిఫైనరీలో 2024లో ఉత్పత్తి ఆగింది.

ఇంత స్వల్ప శాతానికి పరీక్ష ఖర్చెందుకని దళారులు అనవచ్చు. పరీక్ష ఖర్చు ఓడకు ఒకసారి; మడ్డి మాత్రం ఒకసారి చేరితే తీసేవరకు ద్రవంలోనే తిరుగుతుంది. వేళ్లు, మన్ను ఎక్కువగా ఉండేది గని పైపొరలో. అందుచేత నమూనాలు పైపొరకు, లోపొరకు వేరువేరుగా తీయించి, కార్బన్ హద్దును, అది దాటితే టన్నుకు ఎంత కోతో కాంట్రాక్టులోనే రాయించుకోవాలి. సరుకు రేవులో దిగాక అడిగితే కోతకు ఎవరూ ఒప్పుకోరు.