ఫైలు పేరు కాదు, లోపల చూడండి!

సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట ప్రజలారా!

మొన్న ఒక ఆఫీసు పోర్టల్‌లోకి గ్రామసభ తీర్మానాల ఫైళ్ళు ఎక్కించారు. తెర మీద ‘విజయవంతం’ అని పడింది. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ! అది పోడు భూముల హద్దులు రాసిన పేజీ. 2006 అటవీ హక్కుల చట్టం కింద క్లెయిము మొదలయ్యేదే గ్రామసభలో.

ఆ పోర్టల్ సాఫ్ట్‌వేర్ ఫైలు పేరు చివరి తోకను, అంటే ఎక్స్‌టెన్షన్‌ను చూసి, ఫైలును చదివే ప్రోగ్రామును, అంటే పార్సర్‌ను ఎంచుకుంటుంది. డాట్ టెక్స్ట్‌కు ఒకటి, డాట్ ఎండీకి ఒకటి, డాట్ డాక్‌కు ఇంకొకటి. లోపల ఏముందో దానికి అనవసరం. బస్తా మీద ‘వడ్లు’ అని ఉందని మిరపకాయల్ని రైసుమిల్లులో పోస్తామా?

మన డీటీపీ షాపుల్లో ఏళ్ళ తరబడి నడిచింది పేజ్‌మేకర్, అను ఫాంట్లు. అవి తెలుగు అక్షరాల ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద కూర్చోబెట్టాయి. ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగు, లేనిచోట చెత్త. ఆ మేటర్‌ను డాట్ టెక్స్ట్‌గా సేవ్ చేస్తే ఫాంటు పేరు కూడా పోతుంది. ఎక్స్‌టెన్షన్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది! పార్సర్ దాన్ని మింగేసి ఊరుకుంటుంది. ఆ తర్వాత ఊరి పేరు పెట్టి వెతికినా దొరకదు, మనిషి పేరు పెట్టి వెతికినా దొరకదు.

తప్పు టైపు చేసిన కుర్రాడిదట! సిగ్గుండాలి. అక్షరాలకు కోడ్‌లిచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఫైల్లో ఉన్నది యూనికోడ్ తెలుగో కాదో చూసే పరీక్షను సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళు ఎందుకు అడగలేదు?

లోపల చూస్తే ఆలస్యమట. ఫైలు పీడీఎఫ్ అవునో కాదో దాని మొదటి అక్షరాలే చెబుతాయి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్నాయి. తెలుగు ఫైలు అన్నదానిలో ఆ స్థానాల అక్షరం ఒక్కటీ కనబడకపోతే అనుమానం రావద్దా? ఏ ఫైలుకు ఏ పార్సరో రాసిపెట్టడమూ కష్టం కాదు: పత్రాలు తయారుచేసే స్ఫింక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2018 నాటి 1.8 వెర్షన్‌లోనే ఏ ఎక్స్‌టెన్షన్ ఏ రకమో పట్టిక రాసుకునే వీలుంది. చేతకాక కాదు, పట్టక!

మా డిమాండ్లు:

1. ఏ ఎక్స్‌టెన్షన్‌కు ఏ పార్సరో పట్టిక బయటపెట్టాలి.
2. పార్సర్‌కు ఇచ్చేముందు ఫైలు లోపల పరీక్షించాలి.
3. అనుమానమొస్తే ఆపి, తెలుగులో చెప్పాలి. ‘విజయవంతం’ అనొద్దు.
4. పాత ఫాంట్ల ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చాలి, అసలు ఫైలూ దాచాలి.

పాడైన పేజీ మీ చేతికొస్తే ప్రింటు తీసి, అసలు కాగితం నకలు జతచేసి దరఖాస్తు ఇవ్వండి. రసీదు తీసుకోకుండా ఆఫీసు గుమ్మం దిగొద్దు!