పాట క్రడప్‌ది, పద్దు దొరది

ఆర్థర్ క్రడప్ అనే పేరు మనలో ఎందరు విన్నారు? ఎల్విస్ ప్రెస్లీ పేరు మాత్రం ఇంగ్లీషు ముక్క రానోళ్లక్కూడా తెలుసు. మొదటాయన పాట కట్టాడు. రెండో ఆయన ఆ పాట పాడి రాజయ్యాడు. ఇద్దరి మధ్యా కూర్చున్నోడు పద్దు రాసుకున్నాడు. మనం మాట్లాడుకోవాల్సింది ఈ మూడోవాడి గురించే.

క్రడప్ 1905లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి కూలి మనిషి. ముప్ఫై ఏళ్లు దాటాక గిటారు పట్టాడు. 1940 ప్రాంతంలో షికాగో చేరి, రైలు వంతెన కింద చెక్కపెట్టెలో తలదాచుకుంటూ వీధుల్లో పాడుకునేవాడు. అక్కడ లెస్టర్ మెల్‌రోజ్ అనే తెల్ల వ్యాపారి కంట్లో పడ్డాడు. 1941 నుంచి రికార్డులొచ్చాయి. 1946 సెప్టెంబరు 6న ‘దట్స్ ఆల్ రైట్’ పాట రికార్డయింది. తయారుచేసింది ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ. హక్కుల లెక్కంతా మెల్‌రోజ్ చేతిలో. కాగితం మీద రాసిందేమిటో పాడినోడికి తెలీదు. మన పాలేర్లు దొర పద్దుల మీద వేలిముద్రలేసినట్టే.

ఆనాడు అమెరికాలో సంగీతానికీ వాడలుండేవి. నల్లవాళ్ల రికార్డులకు ‘రేస్ రికార్డులు’ అని వేరే పేరు, వేరే జాబితా. బీద తెల్లవాళ్ల పల్లెపాటలకు ‘హిల్‌బిల్లీ’ అని ఇంకో పేరు. మన హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి లాంటిదే అది. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ‘రేస్’ మాట తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని రాసింది. పేరు మారింది, గ్లాసు మారలేదు.

1954 మే 17న బళ్లలో నల్లపిల్లల్ని వేరు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏడు వారాలకు, జూలై 5న, మెంఫిస్ ఊళ్లో శామ్ ఫిలిప్స్ నడిపే సన్ స్టూడియోలో పందొమ్మిదేళ్ల ఎల్విస్ క్రడప్ పాట ఎత్తుకున్నాడు. గిటారు స్కాటీ మూర్, బేస్ బిల్ బ్లాక్. డ్రమ్ములు లేవు. విరామంలో సరదాకి మొదలెడితే, ఫిలిప్స్ మళ్లీ మొదట్నుంచి పాడించి పట్టుకున్నాడు. జూలై 19న రికార్డు బయటికొచ్చింది. ఒక పక్క నల్లమనిషి క్రడప్ పాట. రెండో పక్క తెల్లమనిషి బిల్ మన్రో పాట.

రికార్డు ఇంకా అంగట్లోకి రాకముందే మెంఫిస్ రేడియోలో డ్యూయీ ఫిలిప్స్ దాన్ని ఒకే రాత్రి మళ్లీ మళ్లీ వేశాడు. ఎల్విస్‌ని పిలిపించి ఏ బడిలో చదివావని అడిగాడు. హ్యూమ్స్ హైస్కూల్ అన్నాడు. అది తెల్లపిల్లల బడి. పాడింది తెల్లోడేనని విన్నవాళ్లకి అర్థమైపోయింది. ఈ ప్రశ్న మనకేం కొత్త? ‘మీ ఇంటిపేరేంటి బాబూ, ఇల్లెటువైపు’ అని అడిగేవాళ్లు మన ఊళ్లలో తక్కువా! కులం అడగకుండా కులం తెలుసుకునే విద్య అన్ని దేశాల పెద్దమనుషులకీ వచ్చు.

ఆ బాణీకే తర్వాత ‘రాకబిల్లీ’ అన్నారు. రాక్, హిల్‌బిల్లీ కలిపిన మాట. అదే సన్ కంపెనీ నుంచి కార్ల్ పెర్కిన్స్, జానీ క్యాష్, జెర్రీ లీ లూయిస్ వచ్చారు. సముద్రం దాటి 1963లో బీటిల్స్ బి.బి.సి. రేడియోలో క్రడప్ పాట పాడారు. 2004లో దాని యాభై ఏళ్ల పండుగ చేశారు. ఎవరి పాటకు యాభై ఏళ్లు? క్రడప్ పాడింది 1946లో. లెక్క మాత్రం తెల్లోడి నోట్లోకి వచ్చిన రోజు నుంచి!

ఎల్విస్‌ని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. కాని నిజం చెప్పుకోవాలి. అతనూ మిసిసిపి బీద కుటుంబం వాడే, లారీ తోలినవాడే. సన్ రికార్డు మీద రచయితగా క్రడప్ పేరే ఉంది. క్రడప్ వాయిస్తుంటే వినేవాణ్ణని 1956లో ఎల్విస్ పత్రికవాళ్లకి చెప్పాడు. అదే ఏడు క్రడప్ పాటలు ఇంకో రెండు పాడాడు. పేరు దాచలేదు. మరి పైకం ఏమైంది?

అసలు గుట్టు ఇక్కడుంది. పేరు ఉంచి పొట్టగొట్టొచ్చు. క్రడప్ చాన్నాళ్లు వర్జీనియాలో పొలం పనుల్లోనే బతికాడు. 1971లో సుమారు 60 వేల డాలర్ల బకాయికి ఒప్పందం కుదిరింది. క్రడప్ సంతకం పెట్టాడు. హక్కులున్న హిల్ అండ్ రేంజ్ కంపెనీ ఆఖరు నిమిషంలో సంతకం పెట్టనంది. ముసలాయన ఉత్త చేతుల్తో ఇంటికెళ్లాడు. 1974 మార్చి 28న చనిపోయాడు. తర్వాత ఆ కంపెనీ హక్కులు ఇంకో కంపెనీ కొనేటప్పుడు ఈ తగువు అడ్డొచ్చింది. అప్పుడుగాని వారసులకి డబ్బు రాలేదు. మొదటి విడతే రెండు లక్షల డాలర్లు దాటింది. అంటే బాకీ ఉన్నమాట నిజమే. ఇవ్వడానికి బుద్ధి లేదంతే. న్యాయం కోసం కాదు, బేరం చెడకుండా ఇచ్చారు.

ఇక్కడో తెలివైన వాదన వస్తుంది. ‘ఆ పాటలో మాటలు క్రడప్ సొంతమా? 1926లోనే బ్లైండ్ లెమన్ జెఫర్సన్ పాటలో అలాంటి చరణం ఉంది కదా, అది జనం సొత్తు’ అంటారు. నిజమే, బ్లూస్‌లో చరణాలు చేతులు మారతాయి, మన కలుపు పాటల్లాగే. కాని జనం సొత్తు అయితే కంపెనీ హక్కెలా రాయించుకుంది? వసూలు చేసేటప్పుడు అది ఆస్తి, పంచేటప్పుడు జానపదమా?

ఆ మాట దగ్గరే ఈ కథ మన వాకిట్లోకొస్తుంది. మాల మాదిగ వాడల్లో పుట్టిన పాట సినిమాకెక్కితే ‘జానపదం’ అని ఒక్క మాట రాసి దులుపుకుంటారు. పుస్తకంలోకెక్కితే ‘సేకరణ’ అని ఏరుకున్నోడి పేరు పడుతుంది. కట్టిన అవ్వ పేరు పడదు. డప్పు దరువు అందరికీ కావాలి, డప్పు కొట్టినోడు గుమ్మం బయటే ఉండాలి.

నల్లవాళ్ల గోడు మనకెందుకనేవాళ్లకి ఒక మాట. 1873లో ఫూలే ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వం పోగొట్టిన జనానికి అంకితమిచ్చాడు. క్రడప్ పాట రికార్డయిన 1946లోనే, రెండు నెలల ముందు, బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విన్నపం ప్రతి కావాలని అడిగాడు. దుఃఖం పంచుకోవడానికి కాదు, పనిముట్టు కోసం అడిగాడు. మనమూ అట్లాగే అడగాలి.

2012లో మన కాపీరైటు చట్టం మారింది. సినిమా పాట రాసినోళ్లకీ బాణీ కట్టినోళ్లకీ రాయల్టీలో సమాన వాటా హక్కు వచ్చింది. నిర్మాత ఆ వాటాని కాగితం మీద రాయించుకు పోలేడు. మంచిదే. కాని రచయితగా పేరు నమోదు కానోడికి ఆ చట్టం ఏం పెడుతుంది? అందుకే పని మన దగ్గర్నించే మొదలవ్వాలి. మన సభల్లో పాట పాడేముందు కట్టిందెవరో చెప్పాలి. మన పాటల పుస్తకాల్లో పేరు, ఊరు, ఏడాది వెయ్యాలి. అమ్మిన పుస్తకం డబ్బుల్లో పాట రాసినవాళ్లకి వాటా ఇవ్వాలి. ‘ఉద్యమం పాట, అందరిదీ’ అంటూ మనమే ఎగ్గొడితే మెల్‌రోజ్‌ని తిట్టే హక్కు మనకెక్కడిది?

పాట కట్టడం మనకి ఎవడూ నేర్పక్కర్లేదు. పద్దు రాయడం మనమే నేర్చుకోవాలి.